బేర్ రివర్ ఒడ్డున వనభోజనం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఉసిరిచెట్టు లేదు. మా ఊరంటే గుంటూరు జిల్లాలోదో కృష్ణా జిల్లాలోదో అనుకునేరు. అమెరికాలో యూటా, ఐడహో రాష్ట్రాల సరిహద్దు దగ్గర, కొండల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీ ఊరు. మా నాన్న అక్కడ మట్టి పరీక్షలు చేసే డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాడు. నన్ను ఐదో ఏట అక్కడికి తీసుకొచ్చారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అదంతా మా అమ్మ మొండితనం. ఆ ఊరు మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళం మేం ముగ్గురమే. నేను కూడా మర్చిపోతే ఇక మిగిలేది ఇద్దరేనని ఆవిడకి బెంగ.

అమ్మకి కార్తీకమాసం మీద ఇంకో బెంగ ఉండేది. ఆ నెలలో ఒక్క పూటైనా ఉసిరిచెట్టు కింద కూర్చుని నలుగురితో కలిసి తినాలి. నలుగురు అంటే మాకు వంద మైళ్ళ చుట్టుపట్ల ఉన్న ఐదు తెలుగు కుటుంబాలు. అందరిలోకీ పెద్దావిడ సాల్ట్ లేక్ సిటీలో ఉండే డాక్టర్ ఆంటీ. మొదటి మూడు నాలుగేళ్ళు మా అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద దుప్పట్లు పరిచి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడి సీసాని మధ్యలో పెట్టుకుని, అదే చెట్టనుకుని తినేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడాది అమ్మ ఎదురుతిరిగింది. వనభోజనమంటే వనంలోనే తినాలి, సీసా చుట్టూ కూర్చుని తినేది వనభోజనం ఎలా అవుతుందని నాన్నని నిలదీసింది.

నాన్న అప్పటికి కొన్నాళ్ళుగా సరిహద్దుకి అవతల, ఐడహో వైపు, బేర్ రివర్ పక్కనున్న పచ్చికబయళ్ళలో మట్టి నమూనాలు తీస్తున్నాడు. ఆ భూమి ఎవరిదో ఒక పశువుల ఆసామిది. ఏటిగట్టు దగ్గర ఒక చెట్టుందని, సన్నటి వెండిరంగు ఆకులని, చిన్న చిన్న గుండ్రటి కాయలు కాస్తుందని ఒకరోజు వచ్చి చెప్పాడు. దాన్ని రష్యన్ ఆలివ్ అంటారని కూడా చెప్పాడు గానీ అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. కాయలు ఉసిరికాయల్లా ఉంటాయా అని మాత్రం అడిగింది. దూరం నుంచి చూస్తే ఉంటాయని నాన్న అన్నాడు. పెళ్ళయి పదేళ్ళు దాటిన మగవాడికి ఏం చెప్పాలో తెలుస్తుంది.

అలా అక్టోబరు చివరి ఆదివారం ఐదు కార్లలో బయల్దేరాం. పట్టుచీరల మీద కోట్లు, కోట్ల మీద మఫ్లర్లు. హాలోవీన్ రోజులు కాబట్టి గుమ్మడికాయలు ఎక్కడ చూసినా గుట్టలే, అమ్మ రెండు పెద్ద గిన్నెల నిండా దప్పళం పెట్టింది. పులిహోర, గారెలు, పెరుగన్నం సరేసరి. దారిలో, రోడ్డు పక్కన, రాళ్ళతో కట్టిన ఒక స్తంభం కనిపించింది. అదేమిటని నేనడిగితే, ఇక్కడెప్పుడో ఒక యుద్ధం జరిగిందని దానిమీద రాసి ఉందని నాన్న చెప్పాడు. ఎవరికీ ఎవరికీ అని అడిగేలోపే కారు దాన్ని దాటేసింది.

అమ్మ ఆ వెండాకుల చెట్టు మొదలుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించింది. దీపం మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి డాక్టర్ ఆంటీ తన కోటు అడ్డం పట్టుకుని, దేవుడు చూసేశాడు, ఇక చాల్లే వదినా అంది. మగవాళ్ళు రాళ్ళపొయ్యి పెట్టి కాఫీ కాచడానికి తంటాలు పడుతున్నారు, పొగ మాత్రం బాగా వస్తోంది. మేం ఏడుగురు పిల్లలం దాగుడుమూతలు ఆడుతూ, అరుచుకుంటూ, ఆ పచ్చికబయలంతా పరిగెడుతున్నాం.

అప్పుడు రోడ్డు మీద ఒక పాత పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. డెబ్బై దాటిన మనిషి, తలకి రుమాలు, ఒంటిమీద మగవాళ్ళ కోటు, చేతిలో కర్ర. గడ్డిలో నెమ్మదిగా నడుచుకుంటూ మా వైపే వచ్చింది. పెద్దవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. భూమి ఆవిడదేమో, వెళ్ళగొడుతుందేమో అనుకున్నారు. నాన్న ఎదురెళ్ళి నమస్కారం పెట్టి, ఓనర్ దగ్గర పర్మిషన్ తీసుకున్నామని చెప్పుకున్నాడు. ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. పసుపు రాసిన చెట్టుని చాలాసేపు చూసి, ఇదేమిటని అడిగింది. అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో కార్తీకమాసం, ఉసిరిచెట్టు, దాని కింద భోజనం అన్నీ చెప్పింది. ఇది ఆ చెట్టేనా అని ఆవిడ అడిగితే, కాదు, ఆ చెట్టు ఇక్కడ దొరకదు, దీంతో సర్దుకుంటున్నాం అంది అమ్మ. ఆ మాటకి ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది. ఆవిడ పేరు అప్పుడు అడగలేదు, తర్వాత తెలిసినా నేను వాడలేదు. మా ఇంట్లో ఆవిడ మొదటిరోజు నుంచీ ఏటిగట్టు మామ్మే.

తర్వాత మామ్మ మా పిల్లల వైపు తిరిగి ఏం ఆడుతున్నారని అడిగింది. చెప్పాం. అయితే ఈసారి దొంగ నేనే అంది. ఒక బండరాయి మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. వెతికేవాళ్ళకి కళ్ళున్నాయని గుర్తుపెట్టుకుని దాక్కోమంది. ముసలావిడతో ఆటంటే మాకు భలే సరదా వేసింది.

నిజంగా దాక్కోవాలని చూస్తే అక్కడ చోటే లేదు. ఆవులు మేసేసిన గడ్డి, అక్కడక్కడ పొదలు, ఒక లోతైన వాగుపాయ, దాని పక్కన ఏరు. నేను బూట్లూ మేజోళ్ళూ విప్పేసి ఏటిలోకి దిగాను. గట్టు కింద నీళ్ళు కోసుకుపోయిన చోట వేళ్ళు వేలాడుతున్నాయి. వాటి వెనక ముడుచుకుని నిలబడ్డాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పైనుంచి ఒక్కొక్క పిల్ల దొరికిపోవడం వినిపిస్తోంది. మామ్మ పెద్దగా వెతికినట్టే లేదు, కర్రతో చూపిస్తూ ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టేసింది. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను, గెలిచానని సంబరం. అడుగుల చప్పుడు నా నెత్తిమీద గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ పిలవలేదు, వెళ్ళిపోనూ లేదు. నేను పళ్ళు బిగబట్టాను. కాసేపటికి నా కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. ఇక నావల్ల కాక నేనే బయటికొచ్చి, ఏడుపుముఖంతో గట్టెక్కాను.

మామ్మ కింద కూర్చుని, తలరుమాలు విప్పి, నా పాదాలు తుడిచింది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రాస్తూ, ఎంతసేపు ఉండగలవు అక్కడ అని అడిగింది. ఇంకొంచెంసేపు ఉండేదాన్నేగానీ చలేసింది అన్నాను. అమ్మ నా మేజోళ్ళు పట్టుకుని అక్కడికొచ్చింది. అప్పుడు మామ్మ కొన్ని మాటలు ఇంగ్లీషులోనే చెప్పింది. అమ్మ తర్వాత ఎన్నో ఏళ్ళు వాటిని తెలుగులో తలుచుకుంది కాబట్టి నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"మా మామ్మ ఈ గట్టు కిందే దాక్కుంది. అప్పుడు తనకి నీ అంత వయసు. జనవరి నెల, నీళ్ళలో మంచుపెళ్ళలు. తెల్లవారుజామున అమెరికా సైనికులు వచ్చి కాల్చడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు ఆగిపోయాక కూడా తను బయటికి రాలేదు. పిలవడానికి ఎవరూ మిగల్లేదు."

ఆవిడ షోషోనీ అనే ఆదివాసీ తెగ మనిషి. ఆ ఏటి ఒంపులో చలికాలమంతా గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళట వాళ్ళు. ఒక్క పొద్దుటిపూటలో వందలమందిని చంపేశారు, ముసలివాళ్ళని, ఆడవాళ్ళని, ఒళ్ళోని పిల్లల్ని కూడా. ఆవిడ గొంతు పెంచకుండా, నా కాళ్ళు రాయడం ఆపకుండా, ఈ నాలుగు ముక్కలూ చెప్పింది. చనిపోయినవాళ్ళని ఎక్కడ పాతిపెట్టారని అమ్మ అడిగింది. ఎవరూ పాతిపెట్టలేదు అంది మామ్మ. చేత్తో ఆ బయలంతా చూపించింది. మా చాపలూ, పులిహోర గిన్నెలూ, కాఫీపొయ్యీ ఉన్న బయలే అది.

అమ్మ ముఖం చూసి నేను భయపడ్డాను. ఆవిడ చాపల దగ్గరికెళ్ళి గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలుపెట్టింది. పిల్లల్ని కార్లెక్కించమని డాక్టర్ ఆంటీకి చెప్పింది. శ్మశానంలో విస్తళ్ళు వేయించాను అని తనలో తను అనుకుంటోంది. ఏమైందని మామ్మ నాన్నని అడిగింది. మనుషులు పోయిన చోట మేం తినకూడదని, తెలియక చేసిన తప్పని, క్షమించమని నాన్న నీళ్ళు నమిలాడు.

మామ్మ కర్ర మీద బరువు వేసి లేచి, అమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. అమ్మ కంటే అరడుగు పొట్టి.

"వాళ్ళు ఇక్కడ చనిపోయారు. దానికి ముందు ఎన్నో తరాలు ఇక్కడే తిన్నారు, ఆడుకున్నారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకున్నారు. వేడినీటి ఊటలున్నాయని చలికాలం అందరూ ఇక్కడికే చేరేవాళ్ళు. రోడ్డు మీంచి మీ పొగ చూసి మిమ్మల్ని తరిమేద్దామనే వచ్చాను. పిల్లల నవ్వులు విన్నాక ఆ మాట అనలేకపోయాను. ఇన్నేళ్ళుగా వస్తున్నాను, ఈ గడ్డిలో పిల్లలు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. మీరు వెళ్ళిపోతే ఇక్కడ మళ్ళీ ఆవులే మిగుల్తాయి."

అని, ఆ గిన్నెలో ఉన్నదేమిటి, నాక్కొంచెం పెడతారా అని అడిగింది.

మా అమ్మకి మైల పట్టింపు ఎంతుందో, అన్నం అడిగిన మనిషికి లేదనలేకపోవడం అంతకు రెండింతలుంది. అవి రెండూ ఆవిడలో కొట్లాడుకోవడం నేను కళ్ళారా చూశాను. చివరికి పులిహోర గిన్నె మూత తీసింది. పేపర్ ప్లేటులో అన్నీ వడ్డించి, రెండు చేతులతో అందించింది. మామ్మ వెంటనే తినలేదు. ప్లేటులోంచి ప్రతిదీ కొంచెం కొంచెం తీసుకుని, గట్టు అంచుదాకా నడిచివెళ్ళి నేలమీద పెట్టి, తన భాషలో ఏవో నాలుగు మాటలంది. అది వాళ్ళ ఆచారమో, ఆవిడ సొంత అలవాటో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మ మాత్రం నిలబడిపోయింది. మా నాయనమ్మ తద్దినం నాడు కాకుల కోసం పిట్టగోడ మీద ముద్ద పెట్టి రావడం ఆవిడ ఎన్నేళ్ళు చూసిందో. ఆ తర్వాత కార్లెక్కమని ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మామ్మ పక్కనే కూర్చుని, తనూ తింది.

మేం బయల్దేరేముందు మామ్మ అమ్మని ఒక మాట అడిగింది. వచ్చే ఏడు కూడా వస్తారా అని. తన పిల్లలు ఉద్యోగాలంటూ నగరాలకెళ్ళిపోయారట, మనవలకి ఈ చోటంటే భయమో విసుగో, ఎవరూ తోడు రారట. తను కారు నడపగలిగినంత కాలం వస్తుంది. ఆ తర్వాత ఎవరొస్తారన్నదే ఆవిడ దిగులు. మనుషులు రాని చోటుకి రోడ్డు పక్కన రాయి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అంది. అమ్మ చూద్దాంలెండి అంది. మా ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం. అది తెలిసిన దాన్ని కాబట్టి నేను మధ్యలో దూరి, మేం వస్తాం మామ్మగారూ అని గట్టిగా చెప్పేశాను. పెద్దవాళ్ళ మాటల్లో దూరినందుకు కారులో నాకు చీవాట్లు పడ్డాయి. ఇంటికెళ్ళగానే అందరికీ తలస్నానాలు, చాపలకి బాత్‌టబ్‌లో స్నానం. అపార్ట్‌మెంట్‌లో వేడినీళ్ళు అయిపోయి నాన్న చన్నీళ్ళే పోసుకున్నాడు.

ఆ సంవత్సరమంతా నా మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వెళ్దామా అని అడిగినప్పుడల్లా అమ్మ వేరే పని చెప్పేది. నాన్న మాత్రం ఆ బయలులో మళ్ళీ మట్టి తవ్వలేదు. ఆ ఆసామికి ఏదో కారణం చెప్పి పని మానుకున్నాడు. మళ్ళీ కార్తీకం దగ్గరపడింది. డాక్టర్ ఆంటీ ఫోన్ చేసి, సాల్ట్ లేక్‌లో మంచి పార్కుంది వదినా, షెల్టర్ బుక్ చేశాను, బెంచీలు కూడా ఉన్నాయి అంది. అమ్మ సరేనంది, పులిహోర తనే తెస్తానంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అదంతా విన్నాను. మామ్మ ఒక్కతే వచ్చి, ఆ బండరాయి మీద కూర్చుని, మా కారు కోసం రోడ్డు వైపు చూస్తూ ఉంటుందని తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. నేనన్న మాట అబద్ధమైపోతోంది, దాన్ని నిజం చేసే వయసు నాకు లేదు.

వనభోజనాలకి వారం ముందు నాన్నకి ఐడహో వైపు ఏదో పని పడితే మేమూ కారులో వెళ్ళాం. ఆ రాతి స్తంభం దగ్గరికి రాగానే అమ్మ కారు ఆపమంది. దిగి, దానికున్న పలక మీద రాసినదంతా వేలు పెట్టుకుని చదివింది. ఆవిడకి ఇంగ్లీషు చదవడం నిదానం, అందుకే ఒక్క మాట కూడా వదలదు. జరిగినదాన్ని యుద్ధమని రాసింది ఆ పలక. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారని ఒప్పుకుంటూనే, వాళ్ళనీ పోరాడినవాళ్ళ కిందే జమకట్టేసింది. అమ్మ ఆ వాక్యం దగ్గర ఆగి, సరిగ్గా చదివానా అని నాన్నని అడిగింది. సరిగ్గానే చదివావన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. పదేళ్ళ పిల్లని, రెండు జడలు, ముక్కు కారుతోంది.

"ఇంత పిల్ల ఏం యుద్ధం చేసిందట?" అంది.

దారిలో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఇంటికి రాగానే డాక్టర్ ఆంటీకి ఫోన్ చేసి, మీరు పార్కుకి వెళ్ళండి, మేం ఏటిగట్టుకి వెళ్తాం, అక్కడ మాకోసం ఒక పెద్దావిడ చూస్తూ ఉంటుంది అని చెప్పింది. ఆంటీ నొచ్చుకుంది. ఆ చోటు అంత మంచిది కాదని, చంటిపిల్లలున్నారని ఏదో అంది. అమ్మ తగ్గలేదు. నేను వంటింట్లోనే అమ్మని కావలించుకున్నాను.

ఆ ఏడు వెళ్ళింది మేం ముగ్గురమే. మామ్మ మాకంటే ముందే వచ్చి కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు, పెద్దగా పలకరించలేదు, పక్కకి జరిగి అమ్మకి చోటిచ్చింది. కోటు జేబులోంచి ఒక సీసా తీసింది. ఆ కొండల్లో కాసే పుల్లటి చిన్నపళ్ళతో చేసిన జామ్ అది. అమ్మ నాలిక మీద వేసుకుని, నేరేడుపండులా వగరుగా ఉందని మెచ్చుకుంది, పెరుగన్నంలో నంజుకుంది. ఆ రోజు మామ్మ మమ్మల్ని ఆ బయలంతా తిప్పింది. గుడారాలు ఎక్కడుండేవో, గుర్రాలు ఎక్కడ మేసేవో, పిల్లలు జారుడాట ఆడే గట్టు ఏదో చూపించింది. చావు గురించి చెప్పిన దానికంటే బతుకు గురించే ఎక్కువ చెప్పింది. తను తినే ముందు ఏటిగట్టున కొంచెం పెట్టే పని ఆ ఏడాది నుంచి అమ్మకి ఒప్పజెప్పింది. అమ్మ సందేహించి, వాళ్ళు మావాళ్ళు కాదు కదా, నేను పెట్టొచ్చా అని అడిగింది. మావాళ్ళెవరూ అన్నం పెడితే వద్దనే రకం కాదు అని మామ్మ నవ్వింది. ఆవిడ నవ్వడం నేనదే మొదటిసారి చూశాను.

అలా ఆరేళ్ళు వెళ్ళాం. మూడో ఏటికల్లా డాక్టర్ ఆంటీ కూడా గొణుక్కుంటూనే వచ్చింది. ఏడో ఏడు మామ్మ రాలేదు. వాళ్ళింటి ఫోన్ నెంబర్ ఎప్పుడూ అడిగి తీసుకోలేదు, ఆ అవసరమే రాలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం. అన్నం చల్లారిపోయింది. చివరికి అమ్మ ఒక ప్లేటులో అన్నీ వడ్డించి, గాలికి ఎగరకుండా మీద ఇంకో ప్లేటు మూసి, దానిమీద రాయి పెట్టి, మామ్మ కూర్చునే చోట ఉంచింది. ఆ చలికాలంలోనే నాన్నకి నార్త్ కరొలైనాలో ఉద్యోగం వచ్చింది. అక్కడి క్యారీ అనే ఊరికి వచ్చేశాం. మామ్మ ఏమైందో తెలియకుండానే ఎన్నో ఏళ్ళు గడిచిపోయాయి. నేను చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, రిటైరయ్యాను. ఏ కార్తీకమాసం వచ్చినా ఆ ఖాళీ బండరాయి గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది.

కొన్నేళ్ళ కిందట ఒక వార్త చదివాను. ఆ ఏటిగట్టు భూమిని షోషోనీ వాళ్ళే తిరిగి కొనుక్కున్నారని, పూర్వం అక్కడుండే చెట్లు మళ్ళీ నాటుతున్నారని, సాయం చేయాలనుకున్నవాళ్ళు ఎవరైనా రావచ్చని. అమ్మకి చెప్పగానే, ఇంకా కూర్చున్నావేం అంది. సాల్ట్ లేక్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకి తీసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. వెళ్ళాక ముందు తెలిసింది ఏమిటంటే, మా అమ్మ భక్తిగా పసుపు రాసిన వెండాకుల చెట్టు ఆ నేలది కాదట. ఎక్కడినుంచో వచ్చి, ఏటినీళ్ళన్నీ తాగేసి, అక్కడి విల్లో చెట్లని బతకనివ్వట్లేదట. దాన్ని వేళ్ళతో సహా పీకించేస్తున్నారు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

మొక్కలు నాటించే పని చూస్తున్నాయనకి నా వయసే ఉంటుంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద. నాకు నాలుగు విల్లో కొమ్మలిచ్చి, గుంట ఎంత లోతు తియ్యాలో చూపించి, అంత దూరం నుంచి ఎందుకొచ్చారని అడిగాడు. చిన్నప్పుడు ఇక్కడికి ఏటా భోజనానికి వచ్చేవాళ్ళమని, ఒక మామ్మ మాతో కూర్చుని తినేదని చెప్పాను. ఆయన చేతిలో పార అలాగే ఆగిపోయింది. పచ్చటి అన్నమా అని అడిగాడు. అవునన్నాను. ఆయన పార నేలకి గుచ్చి, దానిమీద రెండు చేతులూ పెట్టుకుని, ఆవిడ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

మామ్మ ఆయనకి మామ్మే, నాయనమ్మ. ఆ ఏడో ఏడు ఆవిడకి జబ్బు చేసి మంచం దిగలేకపోయిందట. ఏటిగట్టున నాకోసం మనుషులు చూస్తుంటారు, వెళ్ళి చెప్పి రా అని మనవణ్ణి పంపింది. ఇరవయ్యేళ్ళ కుర్రాడు, ఆ చోటంటే ఇష్టం లేదు, దారిలో స్నేహితుల దగ్గర ఆగి, సాయంత్రానికి గానీ చేరుకోలేదు. అప్పటికి మేం వెళ్ళిపోయాం. రాయి కింద మూసిపెట్టిన ప్లేటు మాత్రం కనిపించింది.

"ఇంటికెళ్ళి, వాళ్ళు వచ్చి వెళ్ళిపోయారని మా మామ్మకి చెప్పాను. ఆవిడ నావైపు చూసి, వాళ్ళు వచ్చారు, మరి నువ్వు? అంది. అంతే అంది. ఆ తర్వాత నెలకే పోయింది. అప్పటినుంచి నేను రాని ఏడు లేదు."

ఆ మాట విన్నాక నేను గుంట తవ్వలేకపోయాను. ఆయనే తవ్వాడు, నేను కొమ్మ పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మట్టి అదిమాం. నాకు ఏడుపు ఆగలేదు. అది బాధ కాదు. మామ్మని ఒంటరిగా వదిలేశామని ఇన్నేళ్ళు మోసిన బరువు దిగిపోయింది. మాకు కోపంతో ఎదురొచ్చిన మనిషి ఆ కోపం దిగమింగి, నా పాదాలు వెచ్చబెట్టి, మా గిన్నెలోది అడిగి తిని, తన వాళ్ళ నేల మీద మాకు చోటిచ్చింది. ఆవిడ తరిమేసి ఉంటే తప్పుపట్టేవాళ్ళెవరు?

తిరిగి క్యారీ వచ్చాక అమ్మకి అంతా చెప్పాను. ఎనభై దాటిన మనిషి, ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఆ అబ్బాయి తిన్నాడా?"

తిన్నాడమ్మా అన్నాను. ఆయన నాతో చెప్పాడు కూడా. ఆ బండ మీద కూర్చుని, చల్లారిన ప్లేటులో ముందు కొంచెం గట్టున పెట్టి, మిగతాదంతా మెతుకు మిగల్చకుండా తిన్నాడట. అమ్మ తృప్తిగా తలూపి పక్కకి తిరిగి పడుకుంది. నాకు ఆ ఏటిగట్టు నుంచి మిగిలింది కూడా అంతే. ఎవరైనా పోయినవాళ్ళని తలుచుకుంటూ రమ్మని పిలిస్తే, నావాళ్ళా కాదా అని చూసుకోను. అన్నం కట్టుకుని వెళ్తాను. నేను చేరేసరికి అక్కడ ఎవరూ లేకపోయినా, ఒక ప్లేటు పెట్టి వస్తాను.